హన్నా ఎవరికీ వద్దు

ఆ గేమ్ అసలు పేరు ‘కాడిలాక్స్ అండ్ డైనోసార్స్’ అని నాకు ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో తెలిసింది. హాస్టల్లో ఒకడి కంప్యూటర్లో ఎమ్యులేటర్ వేసుకుని, గేమ్‌ల లిస్టులో ‘ఎం’ దగ్గర ఎంత వెతికినా ‘ముస్తఫా’ దొరకలేదు. పక్క రూము కర్నూలువాడు వచ్చి, “సి దగ్గర చూడు బే” అన్నాడు. అంటే తెనాలిలోనే కాదు, కర్నూల్లో కూడా అది ముస్తఫానే. తర్వాత ఉద్యోగంలో పరిచయమైన పుణె కుర్రాడు కూడా ముస్తఫా అనే అన్నాడు. ఒకరికొకరు తెలియకుండా ఇన్ని ఊళ్ళ పిల్లలు ఒక గేమ్‌కి ఒకే పేరు పెట్టారు. కంపెనీ పెట్టిన పేరు పెట్టె మీదే ఉండిపోయింది.

1993లో కాప్‌కామ్ తయారుచేసిన గేమ్ ఇది. మార్క్ షుల్ట్జ్ గీసిన ‘జెనోజోయిక్ టేల్స్’ అనే అమెరికన్ కామిక్స్ దీనికి ఆధారం. గేమ్‌లో మనం ఎంచుకోడానికి నలుగురుంటారు: జాక్ టెన్రెక్, హన్నా డండీ, ముస్తఫా కైరో, మెస్ ఓబ్రాడోవిచ్. కథ ప్రకారం హీరో జాక్. కాడిలాక్ కారు అతనిది, డైనోసార్లని వేటగాళ్ళ నుంచి కాపాడే బాధ్యతా అతనిదే. ముస్తఫా అతని స్నేహితుడు. మన సినిమాల్లో అయితే రెండో పాట దగ్గర హీరో పక్కన డ్యాన్స్ చేసి వెళ్ళిపోయే పాత్ర.

మరి ముస్తఫా ఎలా హీరో అయ్యాడు? ఒక కారణం గేమ్‌లోనే ఉంది. నలుగురిలో వేగం అతనిది. పసుపు టోపీ పెట్టుకుని పరిగెత్తుకుంటూ వెళ్ళి ఎగిరి తన్నాడంటే ముగ్గురు విలన్లు ఒకేసారి పడతారు. చేతిలో ఒక్క రూపాయి ఉన్నవాడికి వేగం చాలా ముఖ్యం, ఎందుకో తర్వాత చెప్తాను. రెండో కారణం గేమ్ బయట ఉంది. జాక్, హన్నా, మెస్ అనే పేర్లు మా వీధిలో ఎవరికీ లేవు. ముస్తఫా మాత్రం నా క్లాసులోనే ఇద్దరున్నారు. పైగా 1996లో ‘ప్రేమదేశం’ వచ్చింది. అందులో ముస్తఫా పేరుతో ఉన్న స్నేహం పాట క్యాసెట్ షాపుల్లో, పెళ్ళి పందిళ్ళలో, కాలేజీ ఫేర్‌వెల్ పార్టీల్లో మోగిపోయింది. తెలియని ముఖాల మధ్య తెలిసిన పేరు ఒక్కటి కనపడితే చెయ్యి అటే వెళ్తుంది. కామిక్స్ రాసినవాడూ గేమ్ చేసినవాళ్ళూ ఊహించని ఈ పఠనాన్ని నేను గొప్ప విషయంగానే చూస్తాను. సహాయ పాత్రని తీసుకొచ్చి కథ మధ్యలో నిలబెట్టిన పాఠకులం మేము.

ఇలాంటి వ్యాసాలు సాధారణంగా ఇక్కడి నుంచి ఆనందంగా సాగిపోతాయి. రూపాయి బిళ్ళ, చెమట వాసన, చీకటి గది, షాపన్న తిట్లు. నేనూ అలాంటిది ఒకటి రాద్దామనే కూర్చున్నాను. మొన్న సంక్రాంతికి జరిగిన ఒక సంగతి వల్ల అది ఇలా మారింది. దాని దగ్గరికి వచ్చేముందు, అసలు ఆ మెషీన్ ఎలా పనిచేస్తుందో కాస్త చూడాలి.

ఆర్కేడ్ గేమ్ అనేది నాణెంతో కొనుక్కునే కాలం. సినిమాకి టికెట్ కొంటే రెండున్నర గంటలు నీవే. ఇక్కడ అలా కాదు, ఎంతసేపు ఉండగలవో నీ చేతిలో ఉంటుంది. షాపువాడికి నువ్వు త్వరగా చావాలి, నీకేమో చావకూడదు. ఈ తగాదాయే ఆ కళకి వ్యాకరణం. 1978లో టైటో కంపెనీకి తొమొహిరో నిషికాడో చేసిన ‘స్పేస్ ఇన్వేడర్స్’నే తీసుకోండి. అందులో శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవాళ్ళ వేగం పెరుగుతుంది. నిజానికి అది ముందు అనుకుని చేసింది కాదు. తెర మీద బొమ్మలు ఎక్కువున్నప్పుడు ఆనాటి ప్రాసెసర్ అన్నిటినీ గీయలేక నెమ్మదించేది, బొమ్మలు తగ్గితే తేలికపడి పరిగెత్తేది. నిషికాడో దాన్ని దిద్దకుండా అలాగే ఉంచాడు. గెలుపు దగ్గరపడేకొద్దీ గుండె దడ పెరగడం అన్న లక్షణం ఆర్కేడ్‌కి అలా వచ్చింది. రోజూ బగ్గులు సరిచేస్తూ బతికే నాకు ఈ సంగతి తెలిసిన రోజు కొంచెం అసూయ కలిగింది.

ముస్తఫాలో కూడా ఇదే లెక్క. ముందున్న విలన్లందరూ పడితే తప్ప తెర కదలదు. అలాగని తీరిగ్గా కొట్టడానికి లేదు, పైన గడియారం తగ్గుతుంటుంది. చుట్టూ మూగినప్పుడు రెండు బటన్లూ కలిపి నొక్కితే అందరినీ విసిరికొట్టే దెబ్బ ఒకటుంది, కానీ అది తగిలినప్పుడల్లా నీ ప్రాణం కూడా కాస్త తగ్గుతుంది. ప్రాణం నింపుకోడానికి తిండి డ్రమ్ముల్లో, పెట్టెల్లో దాక్కుని ఉంటుంది. ఇద్దరు ఆడుతున్నప్పుడు దొరికిన మాంసం ముక్క ఎవరు తినాలి? ప్రాణం తక్కువున్నవాడికి వదలాలని ఏ మెషీనూ చెప్పలేదు. మేమే పెట్టుకున్నాం ఆ నియమం. తప్పినవాడితో రెండ్రోజులు మాటల్లేవు. రెండు కత్తులు తిప్పుతూ మీదకొచ్చే బుచర్ దగ్గర మా అందరి రూపాయలూ తెగిపోయేవి. అతన్ని దాటినవాడు ఆ సాయంత్రానికి వీధిలో పెద్దమనిషి.

దాటలేనివాళ్ళం వెనక నిలబడేవాళ్ళం. లెక్క తీస్తే నేను ఆ షాపులో గడిపిన కాలంలో పదో వంతు కూడా ఆడి ఉండను, మిగతాదంతా చూడ్డమే. ఆ చూడ్డం ఊరికే చూడ్డం కాదు. “డ్రమ్ము పగలగొట్టు, లోపల తుపాకీ ఉంది”, “బైకువాడు వస్తాడు, పైకెళ్ళు, పైకెళ్ళు” అని అరవడం. ఒకడి వేళ్ళకి ఆరుగురి బుర్రలు పనిచేసేవి. హాస్టల్లో ఎమ్యులేటర్ మీద ఆడినప్పుడు నాకు నిరాశ కలిగింది ఇందుకే. ఒక కీ నొక్కితే క్రెడిట్ వస్తుంది, ఎన్నిసార్లు చచ్చినా వస్తుంది. ఎనిమిది స్టేజీలూ ఆ రాత్రి గంటలో అయిపోయాయి. చివరి విలన్ ఫెసెండెన్‌ని మొదటిసారి చూశాను, చంపేశాను, పడుకున్నాను. ఏమీ అనిపించలేదు. నాణేన్నీ జనాన్నీ తీసేస్తే మిగిలేది ఒకే పని పదేపదే చేసే బొమ్మలాట.

ఇంతవరకూ నా సిద్ధాంతం బాగానే ఉందనుకున్నాను. ఆర్కేడ్ అంటే ఒకడు ఆడితే నలుగురు చూసే వీధి నాటకం, అందరి సొత్తు, అని ఒక వాక్యం కూడా రాసిపెట్టుకున్నాను.

సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు లాప్‌టాప్‌లో ముస్తఫా పెట్టి, ఒక జాయ్‌స్టిక్ తగిలించి, మా అక్క కొడుక్కి చూపిస్తున్నాను. వాడు రెండు నిమిషాలు చూసి ఫోను తీసుకున్నాడు. వంటింట్లో అరిసెలు వత్తుతున్న అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

“ఇదేనా ముస్తఫా? ఇదే మొదటిసారి చూడ్డం. సౌండ్లు మాత్రం అన్నీ తెలుసు.”

నాకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత గుర్తొచ్చింది. సాయంత్రం ఆరయ్యేసరికి నన్ను పిలుచుకురమ్మని అమ్మ పంపేది అక్కనే. షాపుకి గుమ్మం దగ్గర ఒక గోనెపట్టా వేలాడుతుండేది, తెర మీద ఎండ పడకుండా. అక్క ఆ పట్టాకి ఇవతల, రోడ్డు మీద నిలబడి, “ఒరేయ్, అమ్మ పిలుస్తోంది” అనేది. నేను “లైఫ్ అయిపోనీ అక్కా” అనేవాణ్ణి. లోపలికి వచ్చి చెవి పట్టుకుని లాక్కుపోవచ్చు. ఎప్పుడూ రాలేదు. ఆ షాపులోకి ఏ ఆడపిల్లా రాలేదు. రాకూడదని బోర్డేమీ లేదు, ఎవరూ అనలేదు కూడా.

తను కూర్చుంది. నలుగురి బొమ్మలూ చూసి, అడక్కుండానే హన్నాని పెట్టుకుంది. “ఇందులో ఆడపిల్ల ఉందని ఎప్పుడూ చెప్పలేదేంరా?”

చెప్పలేదు నిజమే. మా షాపులో హన్నాని ఎవరూ తీసుకునేవాళ్ళు కాదు. ముస్తఫా కోసం హేండిల్ తిప్పుతూ కంగారులో బటన్ నొక్కేస్తే హన్నా వచ్చేది, అప్పుడు వెనకున్నవాళ్ళందరూ ఒకటే నవ్వు. ఆ ఆట అయ్యేదాకా వాణ్ణి ‘హన్నక్కా’ అని పిలిచేవాళ్ళు. ఒకసారి నాకూ అయింది, రూపాయి పోయినంత ఏడుపొచ్చింది. కామిక్స్‌లో హన్నా వేరే తెగ తరఫున వచ్చిన రాయబారి, తెలివైనది, జాక్‌తో సమానంగా వాదించే మనిషి. అవన్నీ మాకు తెలియవు. తెలిసినా తీసుకునేవాళ్ళం కాదు. పక్క పాత్రని హీరో చేసిన గొప్ప పఠనం అని పైన రాశానే, అదే పఠనం ఇంకో పాత్రని ఆట నుంచి తీసేసింది. రెండూ ఒకే చేత్తో చేశాం.

అక్కకి ఆటలు రావని కాదు. టీవీకి తగిలించే క్యాసెట్ గేమ్ మా మావయ్య వాళ్ళింట్లో ఉండేది. వేసవి సెలవుల్లో దాని మీద మారియో ఆడితే మాలో ఎవరూ తన దరిదాపుల్లో లేరు. మారియో ఇంటికొచ్చింది, కాంట్రా ఇంటికొచ్చింది. ముస్తఫా మాత్రం రాలేదు, ఎందుకంటే ఇంట్లో ఆడుకునే కన్సోళ్ళకి ఆ గేమ్‌ని అధికారికంగా ఎప్పుడూ విడుదల చెయ్యలేదు. అది దొరికేది షాపులోనే. షాపులోకి రాలేనివాళ్ళకి అది శబ్దం మాత్రమే.

ఇది మన ఊళ్ళకే పరిమితమైన సంగతి అని కూడా అనలేం. 1980లో నామ్కో కోసం ‘ప్యాక్‌మాన్’ చేసిన తోరు ఇవతాని తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పిన మాటల సారం ఇదే: అప్పట్లో జపాన్‌లో గేమ్ సెంటర్లు మగవాళ్ళ అడ్డాలు, అన్నీ గ్రహాంతరవాసుల్ని కాల్చే ఆటలు, ఆడవాళ్ళూ జంటలూ వచ్చేలా చెయ్యాలంటే ఏ ఆట కావాలి అని ఆలోచించి తినడం అనే పని దగ్గర మొదలుపెట్టాడు. గుమ్మం బయట ఎవరున్నారు అని అడగడం వల్లే ఆ పసుపు బొమ్మ పుట్టింది. 1997లో మా షాపులో నిలబడ్డ మాలో ఆ ప్రశ్న ఒక్కడికీ రాలేదు. పాతికేళ్ళ తర్వాత జ్ఞాపకాలు రాస్తున్నప్పుడు కూడా రాలేదు.

మా తరం మగవాళ్ళం చిన్నప్పటి కబుర్లు తెగ రాస్తున్నాం. అందరికీ ‘దర్గామిట్ట కథలు’లా రాయాలని ఉంటుంది. కానీ ఖదీర్‌బాబు కథల్లో ఇంటి ఆడవాళ్ళ గొంతులు గట్టిగా వినపడతాయి, కథ నడిచేదే వాళ్ళ మాట మీద. మా గేమ్ షాపు జ్ఞాపకాల్లో అమ్మలూ అక్కలూ పిలవడానికి మాత్రం వస్తారు. వాళ్ళొస్తే ఆట చెడుతుంది, అంతే వాళ్ళ పాత్ర. ‘మేమందరం’ అని రాసినప్పుడల్లా ఆ అందరిలో ఎవరున్నారో ఒకసారి తలలు లెక్కపెట్టాలి. అలా లెక్కపెడితే జ్ఞాపకం చేదు అయిపోతుందని నేననుకోను. ఆ షాపు నాకిప్పటికీ ఇష్టమే, ముస్తఫా ఎగిరి తన్నే తన్ను ఇప్పటికీ ఇష్టమే. కాకపోతే అది అందరి సొత్తు అన్న వాక్యం కొట్టేశాను.

అక్క బుచర్ దగ్గర చచ్చిపోయింది. తెర మీద అంకెలు తగ్గుతున్నాయి. నేను క్రెడిట్ కీ నొక్కబోతే చెయ్యి పట్టుకుంది.

“అదేంటి? చచ్చిపోతే ఇంటికి వెళ్ళిపోవాలి కదా.”

“నీకెలా తెలుసు?”

“నీ లైఫ్ అయ్యేదాకా బయట నిలబడింది నేనే కదరా.”

అంకెలు సున్నాకి వచ్చాయి. తను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది, నూనె కాగిపోతోందని. పది నిమిషాల తర్వాత పిండి చేతులతోనే మళ్ళీ వచ్చి, ఇంకో కాయిన్ వెయ్యమంది. ఈసారీ హన్నానే. నేను వెనక నిలబడి, “డ్రమ్ము పగలగొట్టు, లోపల ముక్క ఉంది” అన్నాను.

“తెలుసు. మీరు అరిచేవాళ్ళుగా” అంది.