పై వాటాలో పురుడు

మా ఇంటి పై వాటాలో అప్పుడప్పుడు విదేశీ దంపతులు దిగుతుంటారు. చంకలో మన పాప, కళ్లలో నిద్రలేమి. శిశు గృహం నుంచి బిడ్డను దత్తత తీసుకుని ఉంటారు. పాస్‌పోర్టు, వీసా చేతికొచ్చేదాకా హైదరాబాద్ నుంచి కదలడానికి లేదు. విదేశీయులకు వాటా ఇస్తే 24 గంటల్లో వాళ్ల వివరాల ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి కాబట్టి వాళ్లతో నా తొలి పరిచయం ఎప్పుడూ కంప్యూటర్ ముందే. తర్వాత వంటింట్లో. ఆ తర్వాత, వాళ్లు అడిగితేనే, స్నానాల గదిలో.

అడిగితేనే అని ఎందుకంటున్నానంటే, మన చేతులు ఊరుకోవు. గేటు దగ్గర పసిబిడ్డ కనిపిస్తే కూరగాయల బండాయన మొదలు ఎదురింటి పిన్నిగారి దాకా అందరూ చేతులు చాస్తారు. కన్నవాళ్ల ఒడిలో పెరిగే పిల్లకు అది అదృష్టమే. ఈ పిల్ల మాత్రం అప్పటికే పది చేతులు మారి వచ్చింది. పగటి ఆయా, రాత్రి ఆయా, సెలవు పెట్టిన ఆయా బదులు వచ్చిన ఆయా. వాళ్లకు ప్రేమ లేదని కాదు, ఒక్కొక్కరి మీదా ఎన్నో ఉయ్యాలల భారం. ఇప్పుడు దానికి కావాల్సింది పదకొండో చెయ్యి కాదు. ఏ వేళ ఏడ్చినా ఆ ఇద్దరే రావాలి. పాలు, అన్నం, స్నానం, నిద్ర అన్నీ వాళ్ల చేతుల మీదుగానే జరగాలి. మనం ఇంత పప్పు, చారు గిన్నెల్లో పెట్టి, బెల్లు కొట్టి, వెనక్కి తిరిగి రావాలి. మా వీధిలో ఈ సంగతి ఒప్పించడానికి నేను పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు.

"ఎంత మంచి పిల్లండీ! కొత్తా పాతా లేదు, ఎవరెత్తుకున్నా నవ్వుతుంది" అంటారు. నాకు గుబులు పుట్టించే మెచ్చుకోలు అది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి సంవత్సరాల్లో లండన్‌లో జేమ్స్ రాబర్ట్‌సన్, జాన్ బౌల్బీ అనే పరిశోధకులు ఆస్పత్రుల్లో తల్లికి దూరంగా ఉంచిన పిల్లలను గమనించారు. మొదట గోలగోల చేస్తారు. తర్వాత దిగాలుపడతారు. ఆ తర్వాత ఎవరు పలకరించినా బాగానే ఉంటారు. వార్డులో వాళ్లు ఆ మూడో స్థితి చూసి, హమ్మయ్య, బిడ్డ కుదుటపడింది అనుకునేవారు. కుదుటపడటం కాదు, తల్లి మీది మమకారాన్ని లోపలే అణచేసుకోవడం అన్నారు వీళ్లు. 1952లో రాబర్ట్‌సన్ దాన్ని సినిమా తీసి చూపిస్తే డాక్టర్లలో చాలామందికి కోపం కూడా వచ్చింది. అందుకే పై నుంచి అర్ధరాత్రి గుక్కపట్టిన ఏడుపు వినిపిస్తే నేను కంగారుపడను. ఆయా కోసం ఏడుస్తున్న పిల్లకు ఒక మనిషిని తన మనిషి అనుకోవడం వచ్చు. అలాంటి పిల్ల రేపు ఈ అమ్మ కోసమూ ఏడుస్తుంది.

కొత్త తల్లిదండ్రులకు ఇదంతా తెలుసు. క్లాసులకు వెళ్లి, పుస్తకాలు చదివి మరీ వస్తారు. చేతులకు అలవాటు లేదు, అంతే. ఇటలీ నుంచి వచ్చిన ఒకాయనా ఆయన భార్యా ఏడాది దాటిన పాపను ప్లాస్టిక్ టబ్బులో కూర్చోబెట్టగానే పిల్ల ఒళ్లంతా బిగబట్టేది. "ఆంటీ, మీ ఇళ్లలో ఎలా పోస్తారు?" అని వచ్చీరాని ఇంగ్లిషులో అడిగాడు. పీట వేసి కూర్చోమన్నాను. కాళ్లు చాపమంటే పాదాలు వెళ్లి గుమ్మానికి తగిలాయి, అంత పొడుగు మనిషి. మోకాళ్ల కింద రెండు కాళ్ల నడుమ పల్లంలో పిల్లను ముందు బోర్లా పడుకోబెట్టించాను. కొబ్బరినూనె, శనగపిండి, గోరువెచ్చటి నీళ్లు. అందించడం వరకే నా పని. వెల్లకిలా తిప్పి తలకు పోసేటప్పుడు ఎడమచేయి నుదుటి మీద అడ్డం పెట్టాలి, కళ్లలోకి, ముక్కులోకి నీళ్లు పోకుండా. ఆయన అరచెయ్యి ఆ చిన్న నుదురు దాటి కనురెప్పల మీదికి దిగింది. ఏడుపు ఆగింది. వేళ్ల సందుల్లోంచి పిల్ల ఆయన మొహాన్నే చూస్తోంది. అలా పడుకుంటే ఇక చూడటానికి వేరే ఏముంది? టబ్బులో బిడ్డకు ఎదురుగా గోడ ఉంటుంది, కాళ్ల మీద బిడ్డకు ఎదురుగా మనిషి ఉంటాడు. మర్నాటి నుంచి ఆయనే పోశాడు, నన్ను పిలవలేదు. సాంబ్రాణి మాత్రం నేనే వద్దంటాను. పసివాళ్ల ఊపిరితిత్తులకు పొగ పడదని డాక్టర్లు మొత్తుకుంటున్నారు. మా అత్తగారుంటే ఒప్పుకునేవారు కాదనుకోండి.

ఇంకో జాగ్రత్త. అన్నీ ఒక్కసారే మార్చకూడదు. శిశు గృహంలో తాగిన పాలపొడే, అదే రకం సీసా, అదే రాగిజావ. అక్కడి నుంచి తెచ్చుకున్న పాత దుప్పటిని ఉతక్కుండా పక్కలో ఉంచమంటాను. ఇల్లు మారింది, మనుషులు మారారు, చెవిన పడే భాష మారింది. వాసన కూడా మారిపోతే పాపం ఆ పిల్ల దేన్ని పట్టుకోవాలి?

వీసా ఆలస్యమైతే వాళ్లు విసుక్కుంటారు. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వు కోర్టు బదులు జిల్లా మేజిస్ట్రేటే ఇస్తున్నారు. ఆ తర్వాత 1993 హేగ్ ఒప్పందం ప్రకారం కేంద్ర దత్తత సంస్థ 'కారా' ధ్రువపత్రం ఇవ్వాలి, అప్పుడు పాస్‌పోర్టు, ఆపైన వీసా. ఈ కాగితాలను తిట్టుకోవడం నాకు నచ్చదు. లంబాడా తండాల్లో ఆడశిశువులను కొని దత్తతల పేరుతో విదేశాలకు పంపుతున్నారని 1999లో, మళ్లీ 2001లో ఉమ్మడి రాష్ట్రం అట్టుడికింది. ఆ రోజుల పత్రికలు చదివినవాళ్లు ఒక సంతకం ఎక్కువైందని గొణగరు. పైగా ఈ ఎదురుచూపు వాళ్లకు పురుడులాంటిది. బంధువులు రారు, ఆఫీసు ఉండదు, తలుపేసుకుంటే ముగ్గురే. మన బాలింతలకు విడిగా ఒక గది ఎందుకిచ్చారో నాకు వీళ్లను చూశాకే బాగా అర్థమైంది.

అందుకే వాళ్లకు హోటల్ వద్దంటాను. చైనా నుంచి బిడ్డలను తెచ్చుకున్న అమెరికన్లు ఏళ్ల తరబడి గ్వాంగ్‌ఝౌలోని వైట్ స్వాన్ హోటల్లో దిగేవారు. వాళ్ల కాన్సులేట్ ఆ పక్కనే ఉండేది. లాబీలోని ఎర్ర సోఫా మీద పిల్లలందర్నీ వరసగా కూర్చోబెట్టి ఫొటో తీయడం ఆనవాయితీగా ఉండేది. తోడుకు తోడు, ధైర్యానికి ధైర్యం, కాదనను. కానీ అక్కడ బిడ్డకు జావ కాచేది హోటల్ వంటవాడు. ఇరుకైనా సరే, సొంతంగా స్టవ్ వెలిగించుకునే వాటా నయం.

వెళ్లే రోజు నేను చెప్పేది ఒకటే. విమానం దిగేటప్పుడు చెవులు దిబ్బడేసి పిల్ల ఏడుస్తుంది, గుటకలు వేస్తుంటే తగ్గుతుంది. ఆ వేళకు పాలసీసా సిద్ధంగా ఉంచుకోండి. పట్టేది మీ ఇద్దరిలో ఒకరే. ఎయిర్‌హోస్టెస్ ఎంత ముద్దుగా అడిగినా సరే, ఇవ్వకండి.