దగ్గు ఎన్నాళ్లనుంచండీ?

కొబ్బరి దింపు తీస్తూ చెట్టుమీంచి పడ్డ మనిషిని ఆటోలో తెచ్చి క్యాజువాలిటీ ముందు దింపారనుకోండి. అందరి కళ్లూ విరిగిన కాలి మీదే ఉంటాయి. స్ట్రెచరేది, ఎక్స్‌రే ఎక్కడ, డాక్టరుగారేరి అని ఒకటే గోల. ఆ గోలలోనే గుమ్మం దగ్గరి స్టాఫ్‌నర్సు బీపీ పట్టీ కడుతూ ఓ మాట అడుగుతుంది. "దగ్గుతున్నాడేంటమ్మా, ఎన్నాళ్లనుంచి?" "అది మామూలేనండి, ప్రభల తీర్థం నాటినుంచీ ఉందండి, ఆయ్" అంటుంది భార్య. ఆ తీర్థం జరిగే కనుమ వెళ్లి నెల దాటిందని సిస్టరు మనసులోనే లెక్క కట్టేస్తుంది. రెండు వారాలు, అంతకు మించి దగ్గుంటే క్షయ అనుమానించాలన్నది జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమం పెట్టిన గీత. కాలికి చేయాల్సిన వైద్యం ఒక్క నిమిషం కూడా ఆగదు. ఈలోగా అతని మూతికి మాస్కు పడుతుంది, స్ట్రెచరు కిటికీ పక్కకి జరుగుతుంది, కళ్లె పరీక్షకి చీటీ తయారవుతుంది.

ఎవరూ చప్పట్లు కొట్టని ఈ పనితనం గురించే చెప్పాలని ఉంది. అత్యవసర విభాగం గుమ్మంలో, దగ్గూ జ్వరంతో వచ్చినవాళ్లని మొదటి రెండు నిమిషాల్లో గుర్తుపట్టి, పక్కవాళ్లకి అంటకుండా చూడటం. రాసుకుంటే నాలుగు ప్రశ్నలు. అడగాల్సినట్టు అడగడం మాత్రం అందరికీ చేతకాదు.

ఆ ప్రశ్నల విలువ తెలియాలంటే రెండు నగరాల కథ వినాలి. 2003 మార్చి 7న టొరంటోలోని స్కార్‌బరో గ్రేస్ ఆస్పత్రి ఎమర్జెన్సీకి ఊపిరాడని మనిషి ఒకాయన వచ్చాడు. రెండు రోజుల ముందే వాళ్లమ్మ ఇంట్లో చనిపోయింది. అది సార్స్ అని అప్పటికి ఎవరికీ తెలియదు. గంటల తరబడి అందరి మధ్యే మంచంమీద ఉంచారు. పక్క మంచాల వాళ్లకి అంటుకుంది, అక్కణ్ణుంచి ఊరంతా పాకింది. రెండోది సియోల్. 2015 మే నెలాఖరులో శామ్‌సంగ్ మెడికల్ సెంటర్ ఎమర్జెన్సీలో మూడు రోజులున్న ఒక్క రోగి నుంచి 82 మందికి మెర్స్ సోకింది.

సియోల్ కథ మన కోనసీమవాళ్లు ఇంకాస్త శ్రద్ధగా వినాలి. కొరియాకి ఆ జబ్బు తెచ్చిన మొదటి మనిషి గల్ఫ్ దేశాలు తిరిగి వచ్చినవాడు. రాజోలు, మలికిపురం, ముమ్మిడివరం వైపు కువైట్‌లోనో మస్కట్‌లోనో దుబాయ్‌లోనో మనిషి లేని వీధి ఉంటుందా? అందుకే "ఈమధ్య పైదేశం నుంచి ఎవరైనా వచ్చారా అమ్మా?" అన్నది ఇక్కడ ఊసుపోక అడిగే మాట కాదు. 2009 మేలో దేశంలో మొదటి స్వైన్‌ఫ్లూ కేసు హైదరాబాద్‌లో విమానం దిగిన కుర్రాడిలోనే కదా బయటపడింది.

అయితే ఆ 82 మందికి అంటించిన రోగి గల్ఫ్ మొహం చూడలేదు. వేరే ఊళ్లో ఆస్పత్రిలో చేరినప్పుడు, అక్కడే ఉన్న మొదటి రోగి నుంచి తెచ్చుకున్నాడు. అందుకని నా లెక్కలో నాలుగింటిలోనూ ముఖ్యమైన ప్రశ్న "ఇక్కడికి రాకముందు ఎక్కడ చూపించుకున్నారు?" అన్నదే. మనవాళ్లు ముందు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికెళ్తారు, తర్వాత పీహెచ్‌సీ, ఆ తర్వాత అమలాపురం. అక్కడా కుదరకపోతే యానాం - ఎదుర్లంక వంతెన దాటి కాకినాడ పెద్దాసుపత్రి. కొత్తపేటవాళ్లయితే రావులపాలెం మీదుగా రాజమండ్రి. ప్రతి మజిలీలోనూ ఓ బెంచీ, ఆ బెంచీమీద దగ్గేవాళ్లు పదిమంది. ఆ మజిలీలన్నీ చెప్పించగలిగిన నర్సు సగం రోగనిర్ధారణ చేసినట్టే.

జ్వరం సంగతి చూడండి. నుదుటికి గురిపెట్టే థర్మామీటరు చర్మం వేడిని మాత్రమే చెబుతుంది. పొద్దున్నే పారాసెటమాల్ వేసుకుని బయల్దేరినవాడికి అది మామూలుగానే చూపిస్తుంది. పనితెలిసిన సిస్టరు అంకె చూసి ఊరుకోదు, "మాత్రేమైనా వేసుకొచ్చారా బాబాయ్?" అని అడుగుతుంది. ఆ ఒక్క మాట యంత్రం కళ్లుగప్పిన జ్వరాన్ని పట్టిస్తుంది.

కుర్చీ ఎక్కడ వేసుకున్నారన్నదీ పనితనమే. గాలి సిబ్బంది వైపునుంచి రోగి వైపుకి, రోగి నుంచి బయటికి పోవాలి. ఫ్యాను రోగి వెనక పెడితే అతని దగ్గంతా నర్సు మొహానికే. 2010లో కేంద్రం గాలి ద్వారా సోకే జబ్బుల నియంత్రణకి మార్గదర్శకాలు తెచ్చి, ముందుగా కొన్ని రాష్ట్రాల్లో అమలుచేసి చూసింది. అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. పెరూ రాజధాని లిమాలో ఎనిమిది ఆస్పత్రుల గాలి కొలిచి 2007లో ప్రచురించిన అధ్యయనం మనకి మరీ దగ్గరిది. కిటికీలూ తలుపులూ తెరిస్తే గదిలో గాలి గంటకి 28 సార్లు మారింది, యంత్రాలతో గాలాడించే గదుల్లో 12 సార్లే. ఎత్తు కప్పులు, పెద్ద కిటికీలున్న పాత భవనాలైతే ఇంకా మెరుగు. గోదారి గాలి ఉచితంగా వచ్చే సీమలో ఏసీ పెట్టి కిటికీలు బిగించేయడం నాకు మింగుడుపడదు.

ఉబ్బసం రోగులకిచ్చే నెబ్యులైజరు సంగతీ అంతే. నలుగురి మధ్య పెడితే దగ్గు తుంపర్లు నలుగురికీ చేరతాయి. విడిగా గాలాడే చోటు చూస్తారు, వీలైతే స్పేసరుతో ఇన్‌హేలరు ఇస్తారు. ఊపిరందక ఎగశ్వాస పడుతున్నవాడికి మాస్కు కట్టమని పట్టుబట్టరు. ముందు ఆక్సిజన్, తర్వాతే మిగతావి. ఎక్కడ నిబంధన పాటించాలో, ఎక్కడ ప్రాణం ముందో క్షణంలో తేల్చుకోవడమే ఈ పనిలో అన్నిటికన్నా కష్టం.

ఈ ప్రశ్నలకి చిక్కనివాళ్లూ ఉంటారు. దగ్గూ జ్వరం లేకుండానే జబ్బు అంటించినవాళ్లని కోవిడ్‌లో ఎంతమందిని చూశాం! అందుకే ప్రశ్నలడిగాం కదా అని కిటికీ మూయకూడదు, చేతులు కడగడం మానకూడదు. రాత్రి రెండింటికి మూడు అంబులెన్సులు ఒకేసారి వచ్చినా గుమ్మంలో ఉండేది ఒక్క సిస్టరే అయితే, ఎంత నేర్పున్నా ప్రశ్నలు జారిపోతాయి. అక్కడ రెండో మనిషిని వేయడం ఖర్చు దండగ అనుకునే అధికారులు సియోల్ లెక్క ఒకసారి చూడాలి.

మీరూ ఓ సాయం చేయొచ్చు. ఈసారి ఎవరినైనా ఎమర్జెన్సీకి తీసుకెళ్తే, దేనికోసం వెళ్లినా సరే, దగ్గు ఎన్నాళ్లనుంచి ఉందో, ముందు ఎక్కడెక్కడ చూపించారో, ఇంటికి పైదేశం నుంచి ఎవరొచ్చారో, ఏ మాత్ర వేశారో గుమ్మంలోని సిస్టరు అడగకముందే చెప్పండి. మాస్కు ఇస్తే విసుక్కోకుండా పెట్టుకోండి. రోగితో ఒక్కరే లోపలికెళ్లి, మిగతావాళ్లు ఆరుబయట చెట్టు కింద ఉండండి.