మొసలి కన్నా దినారు నయం

మొసలి మీద నా కోపం ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. ఎక్కువ, తక్కువ గుర్తును మొసలి నోరని చెప్పి, అది పెద్ద సంఖ్య వైపే తెరుచుకుంటుందని పిల్లలకు నేర్పుతున్నారు. సరే, ఏది పెద్దదో మొసలికెవరు చెప్పాలి? ఆ ముక్క మాత్రం ఎవరూ అడగరు.

మొన్న బార్కస్‌లో ఓ లుంగీల కొట్టులో మళ్లీ అదే మొసలి ఎదురైంది. నిజాం సైన్యంలో కొలువుకని యెమన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల సంతతి స్థిరపడ్డ పేట అది. జామకాయలకూ పేరే. కొట్టాయన మనవరాలు గల్లాపెట్టె పక్కన చాప మీద కూర్చుని హోంవర్కు చేసుకుంటోంది. 98,765కీ 1,02,340కీ మధ్య మొసలి 98,765 వైపు నోరు తెరిచింది. అటు మొదట్లో 9, ఇటు 1. ఆ పిల్ల చూసింది అంతే.

పెద్ద సంఖ్యల్ని డబ్బుతోనే చెప్పాలన్నది నా పాత పాట. సంతకు పంపిన పిల్లాడికి లెక్కల మాస్టారు అక్కర్లేదని ఇక్కడే ఎన్నోసార్లు రాశాను. కాబట్టి ధీమాగా అడిగాను: "వెయ్యి ఎక్కువా బేటా, లక్ష ఎక్కువా?"

తల ఎత్తకుండానే అంది: "కౌన్‌సే పైసే, అంకుల్?"

తాత పగలబడి నవ్వాడు. ఆ ఇంట్లో అది న్యాయమైన ప్రశ్నే మరి. కువైట్ మామూ పంపేవి వెయ్యి దినార్లయితే మన రూపాయల్లో రెండు లక్షలు దాటతాయి. అదే వెయ్యి సౌదీ రియాళ్లయితే ఇరవై వేల పైచిలుకు. ముత్తాతల హద్రమౌత్‌లో చెలామణి అయ్యే యెమన్ రియాళ్లయితే వంద రూపాయలు కూడా రావు. సౌదీ రియాలు 1986 నుంచి డాలరుకు 3.75 దగ్గర కదలకుండా కూర్చుంది. యెమన్ రియాలేమో 2014లో డాలరుకు సుమారు 215 ఉండేది, యుద్ధంలో పడి ఏడెన్ వైపు వెయ్యి దాటిపోయింది. పేరు చూస్తే రెండూ రియాళ్లే. ఏ గడ్డ మీద ఉన్నదన్నదాన్ని బట్టే దాని విలువ. ముఖవిలువ, స్థానవిలువ అని మనం నిర్వచనాలు బట్టీ పట్టించే సంగతి ఆ పిల్లకు ఇంట్లో ఫోన్ మాటల్లోనే వచ్చేసింది.

అయితే ఇక్కడే నా రూపాయల పాటకు శ్రుతి తప్పింది. అయిదు వందల నోటు మీద దాని విలువ అచ్చేసే ఉంటుంది. బల్ల మీద నోట్లను ఎలా కలిపినా, ఏది ముందు పెట్టినా మొత్తం మారదు. సంఖ్యలో అంకెల్ని అలా కదిపి చూడండి: 19 కాస్తా 91 అవుతుంది. సున్నా సంగతి ఇంకా దారుణం. 1,02,340ని నోట్లుగా పరిస్తే పదివేల కట్ట ఒక్కటీ ఉండదు, ఆ లేమిని ఎవరూ పట్టించుకోరు. రాతలో ఆ సున్నాను ఎత్తేస్తే మిగిలేది 12,340. లేనిదానికి కూడా చోటు అట్టేపెట్టడం డబ్బుకు చేతకాదు. 628లో బ్రహ్మగుప్తుడు సున్నాతో కూడికలకూ తీసివేతలకూ సూత్రాలు కట్టాడు. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ మన లెక్క పద్ధతి మీద పుస్తకమే రాశాడు. అలా బాగ్దాదు చేరింది అంకెలు మాత్రమే కాదు, ఈ ఖాళీ గది కూడా.

అందుకని నోట్లు జేబులో పెట్టేసి గళ్లు గీయించాను. లక్షలు, పదివేలు, వేలు, వందలు, పదులు, ఒకట్లు. కుడివైపు నుంచి ఒక్కో అంకెనూ దాని గదిలో కూర్చోబెట్టింది. 98,765కి లక్షల గది ఖాళీ, 1,02,340కి అందులో 1 ఉంది. "ఆ గదిలో ఉన్నది దినారు" అన్నాను. వెంటనే రబ్బరు అందుకుంది. తక్కిన అంకెల జోలికి పోనే లేదు. పోనక్కర్లేదు కూడా, ఎందుకంటే 99,999 వచ్చినా లక్షకు ఒకటి తక్కువే. దినారు రేటు రోజూ మారుతుంది, ఈ గదుల రేటు మారదు: ఎప్పుడూ కుడివైపు పదికి ఎడమవైపు ఒకటి.

ఆరోహణ క్రమంలో పెట్టమన్న నాలుగు సంఖ్యల్ని ఆపైన తనే సర్దింది. ముందు అంకెలు లెక్కపెట్టింది, సమానంగా ఉన్నచోట ఎడమ నుంచి పోల్చుకుంటూ వచ్చింది. బడిలో చెప్పే ఈ రెండు ముక్కల సూత్రాన్నే గుడ్డి పాఠమని నేను ఏళ్లుగా వెక్కిరిస్తున్నాను. గదులు తెలిసిన పిల్ల చేతిలో అది గుడ్డిదేమీ కాదు.

కొట్టులో ఖర్జూరం డబ్బాలు రెండున్నాయి, బరువు అరబ్బీ అంకెల్లో. అక్కడ చుక్క సున్నా, గుండ్రంగా ఉన్నది అయిదు. తక్కిన అంకెలు నాకు చదవడం రాదు. ఏది పెద్ద డబ్బా అని అడిగితే పిల్ల గుర్తుల్ని లెక్కపెట్టి నాలుగున్నదాన్ని చూపించింది. అంతకుముందు రెండింటి మీదా గ్రాములే ఉన్నాయా అని తాతను అడిగి మరీ.