సైన్యం వదిలిన బండికి రెండో కొలువు

అమెరికా సైన్యం వదిలించుకున్న ఎం416 ట్రైలర్ పైపైన చూస్తే తుక్కులా ఉంటుంది. పని తెలిసినవాళ్ల కంటికి మాత్రం అది ఇంకో తరానికి సరిపోయే ఉక్కు తొట్టి.

సైన్యపు ఎం151 జీపు వెనక కట్టుకుని, పావు టన్ను సామానుతో దారీతెన్నూ లేని చోట తిరగడానికి చేసిన బండి ఇది. రెండో ప్రపంచ యుద్ధంనాటి బాంటమ్ ట్రైలర్‌లాగే నీళ్లలో తేలుతుంది. లోపల చేరిన నీళ్లు పోవడానికి అడుగున బిరడాలుంటాయి.

బాగుచేయడం ఓపిక పని. ముందు తుప్పు గీకి, రేకు ఎక్కడ పల్చబడిందో సుత్తితో తట్టి చూస్తారు. తినేసిన చోట కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేసి, ప్రైమర్ పూస్తారు. చక్రాల బేరింగులు విప్పి, పాత గ్రీజు తుడిచి కొత్తది పట్టిస్తారు. సైన్యపు దీపాలు 24 వోల్టులవి, మామూలు కార్లవి 12. అందుకే బల్బులు మార్చాలి, వైరింగూ సరిచూడాలి.

లాగుడు కడియాన్ని చాలామంది అలాగే ఉంచుతారు. లాగే వాహనం వెనకుండే పింటిల్ హుక్‌కు ఆ కడియం తగిలిస్తే, గతుకుల్లో బండి ఎటు ఒరిగినా అది తట్టుకుంటుంది.

బాగుచేశాక పైన గుడారం, లోపల వంటసామాను, నీళ్ల డబ్బాలు. అడవి దారుల్లో విడిది చేసేవాళ్లకు ఇంతకన్నా నమ్మకమైన తోడు అరుదు. కొనదలచినవాళ్లు రంగు చూడకండి. వంగి ఇరుసు, అడుగు రేకు చూడండి.