నవలల్లో కుజుడు

మన నవలల్లో విలన్ కరువైనప్పుడల్లా ఆదుకునేవాడు ఒకడున్నాడు. కుజుడు! పెళ్లిచూపులు అయిపోతాయి, అబ్బాయికి అమ్మాయి నచ్చుతుంది, ఇక కథ కంచికేనని రచయిత్రి కంగారుపడే వేళకు సిద్ధాంతిగారు కళ్లజోడు సవరించుకుని "పిల్లకి కుజదోషం ఉందండీ" అంటారు. మరో పదిహేను వారాలు సీరియల్‌కి ఢోకా లేదు.

ఒకరిని అనడమెందుకు? నేనూ ఆ పని చేసినదాన్నే. నా కథానాయిక దోషాన్ని లెక్కచెయ్యక పెళ్లాడితే, మూడో ప్రకరణంలోనే భర్త పోతాడు. అది చదివి ఒక తల్లి ఉత్తరం రాశారు. "మీ అమ్మాయికి కుజుడు ఏ ఇంట ఉన్నాడమ్మా? మా పిల్లకి రెండో ఇంట. మీ పుస్తకం చదివాక సంబంధం మాటెత్తితే లేచిపోతోంది."

ఏ ఇల్లో నేనెప్పుడు ఆలోచించాను కనుక! సిగ్గేసి, అప్పుడు నేర్చుకున్నాను. పుట్టిన వేళకి తూర్పున ఉదయిస్తున్న రాశి లగ్నం. సుమారు రెండు గంటలకోసారి మారుతుంది. చంద్రుడున్నది జన్మరాశి. లగ్నం మొదలు లెక్కపెడితే 12 ఇళ్లు. వాటిలో 2, 4, 7, 8, 12 ఇళ్లలో కుజుడుంటే దోషమని మనవైపు లెక్క. పన్నెండింట అయిదు! పైగా సొంతిళ్లయిన మేష వృశ్చికాల్లోనూ, ఉచ్చ అయిన మకరంలోనూ ఉంటే దోషం లేదనీ, వధూవరులిద్దరికీ ఉంటే చెల్లిపోతుందనీ చాలామంది జ్యోతిష్కులే చెబుతారు.

మన నవలలకు ఇవేవీ పట్టవు. ఏలినాటి శని ఏడున్నరేళ్లు కదా, మన కథల్లో ఆదివారం పట్టి శుక్రవారానికి వదిలేస్తుంది. అది నవ్వుకోదగ్గ తప్పే. కుజుడి విషయం అలా కాదు. మగపిల్లల జాతకాల్లోనూ అవే పన్నెండిళ్లు, అదే లెక్క. అయినా కుజదోషం ఉన్న కథానాయకుణ్ణి ఎన్ని నవలల్లో చూశాం? పంచాంగంలో లేని పక్షపాతం మన కలాల్లో ఉంది. ఆ దోషం మాత్రం గ్రహాలది కాదు.

ఆ తల్లికి జవాబు రాశాను. "నాకు జాతకాల మీద నమ్మకం లేదు. మీకుంటే, ఆ లెక్కనే మీ అమ్మాయి లాంటివాళ్లు ఊరినిండా ఉన్నారు. నా కథలో ఆ అబ్బాయిని చంపింది కుజుడు కాదమ్మా, నేను."