సోమవారం బళ్ళు

శుక్రవారం రాత్రి భోజనానికి కూర్చోబోతుంటే డెస్కు నుంచి ఫోన్. "గురువుగారూ, ఆయన పనైపోయినట్టేనా? ఒక ఐటమ్ రాసిస్తారా?" ఆయనెవరో ఇక్కడ చెప్పను. అరవై దాటిన హీరో. పొద్దున విడుదలైన సినిమా మ్యాట్నీకే చల్లబడింది. "సోమవారం చూసి చెబుతా" అన్నాను. అవతల కుర్రాడు నవ్వు ఆపుకున్నాడు. శుక్రవారమే తేలిపోయినదాన్ని సోమవారందాకా నాన్చడం వాడికి ముసలి చాదస్తంలా అనిపించి ఉంటుంది.

"పనైపోయింది" అనే మాటని ముప్పై ఏళ్ళుగా రాస్తున్నాను. రాసిన ప్రతిసారీ నమ్మే రాశాను. 2024 సంక్రాంతికి 'సైంధవ్' చూసొచ్చి వెంకటేశ్ గురించి రాసింది అందులో ఆణిముత్యం. 75వ సినిమా అంటూ ఊరించిన ఆ సినిమా పండక్కి నిలబడలేదు. ఇక అన్నయ్య వేషాలూ నాన్న వేషాలూ చూసుకుంటే గౌరవంగా ఉంటుందని ఆయనకి సలహా కూడా పారేశాను. సరిగ్గా ఏడాదికి, మళ్ళీ సంక్రాంతికే, 'సంక్రాంతికి వస్తున్నాం' వచ్చింది. ఆయన కెరీర్‌లో అంత వసూలు చేసిన సినిమా అంతకుముందు లేదు. మా ఆవిడ నా పాత కటింగ్ వెతికి తీసి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. పాల ప్యాకెట్ కోసం వెళ్ళినప్పుడల్లా నా సలహా నేనే చదువుకోవాల్సి వచ్చింది.

ఎక్కడ తప్పానో తెలుసుకుందామని ఆ రెండు సినిమాలూ వెంటవెంటనే మళ్ళీ చూశాను. రెండింట్లోనూ ఆయన బిడ్డలున్న తండ్రే. రెండింట్లోనూ కొట్టడం తెలిసినవాడే. కాకపోతే మొదటిదాంట్లో ముఠాలన్నీ 'సైకో' తిరిగొచ్చాడని గడగడలాడుతుంటాయి. అతనెంత ప్రమాదకరమైనవాడో పక్కవాళ్ళే మనకి చెబుతుంటారు. రెండోదాంట్లోనూ అతను ఒకప్పుడు గొప్ప పోలీసే, కానీ పెళ్ళానికీ పాత ప్రేయసికీ మధ్య ఇరుక్కుని మాట పెగలక మింగుతుంటాడు. పైగా కొడుకు బుల్లిరాజు, ఆ నోటితో, సగం నవ్వులు పట్టుకుపోతాడు. హీరో గొప్పవాడని ఎవరూ మనకి నచ్చజెప్పే పని పెట్టుకోరు.

అప్పటినుంచి హాల్లో వాచీ చూసుకోవడం అలవాటైంది. హీరో తెరమీదికి ఎన్నో నిమిషంలో వచ్చాడు, వచ్చేలోపు ఎంతమంది ఎంతసేపు ఆయన్ని పొగిడారు, ఇవి రాసుకుంటాను. నటుడు మంచి ఊపులో ఉన్నప్పుడు చెప్పులు చూపిస్తే చాలు, హాలు లేస్తుంది. కొన్నేళ్ళకి చెప్పులకి ముందొక జీపు కావాల్సి వస్తుంది. ఆ తర్వాత జీపుకి ముందొక రౌడీ చెమట తుడుచుకోవాలి. ఆ తర్వాత ఆ రౌడీకి ఒక ముసలాయన, "వాడెవడో తెలుసా, పాతికేళ్ళ కిందట..." అని మొదలుపెట్టాలి. దీన్నే ఇప్పుడు ఎలివేషన్ అంటున్నారు. మా చిన్నప్పుడు బిల్డప్ అనేవాళ్ళం. ముసలాయన డైలాగు పేజీ దాటిందంటే రచయితకి హీరో మీద నమ్మకం పేజీ మేర తగ్గిందని నా లెక్క.

ఊపు తగ్గిందనడానికి రెండో గుర్తు పాటలో దొరుకుతుంది. కాళ్ళూ చేతులూ మొత్తం కనబడేలా ఫ్రేము పెట్టి, కట్ చెయ్యకుండా ఎంతసేపు ఉంచుతున్నారో చూడండి. దెబ్బకో కట్ పడుతోందంటే, ముఖం, చెయ్యి, డ్రోను, మళ్ళీ ముఖం, ఇలా పరుగెడుతోందంటే, మధ్యలో ఎక్కడో ఒక మోకాలు దాక్కుని ఉంటుంది. హీరో మోకాలి సంగతి డాక్టరు కన్నా ముందు ఎడిటర్‌కే తెలుస్తుంది. (నేనూ ఇప్పుడు పీట మీద కూర్చుంటే లేవడానికి గోడ పట్టుకుంటున్నాను. కనుక వెటకారం ఇక్కడితో చాలు.)

వయసు లెక్క మాత్రం నాకెప్పుడూ కుదరలేదు. 1977లో 'అడవిరాముడు' విడుదలయ్యే నాటికి ఎన్టీఆర్‌కి 54 నిండడానికి ఒక నెల తక్కువ. 1981లో 'ప్రేమాభిషేకం' చేసిన అక్కినేనికి 57. 2014 మార్చిలో వచ్చిన 'లెజెండ్' చూడండి. బాలకృష్ణ 1960లో పుట్టారు, జగపతిబాబు 1962లో పుట్టారు. రెండేళ్ళు పెద్దాయన హీరో, చిన్నాయన విలన్. నల్లజుట్టుకి ఒక వేషం, నెరిసిన జుట్టుకి ఇంకో వేషం. మొన్న 2025లో 'కూలీ' అయితే మరీనూ. 74 ఏళ్ళ రజనీకాంత్ హీరో, 66లోకి ఇంకా అడుగుపెట్టని నాగార్జున విలన్!

జగపతిబాబు సంగతి దగ్గర కాస్త ఆగాలి. 1989లో 'సింహస్వప్నం'తో మొదలై, 'శుభలగ్నం', 'మావిచిగురు' లాంటి సినిమాలతో ఆడవాళ్ళ హీరోగా స్థిరపడ్డ మనిషి. మధ్యాహ్నం ఆటకి చంటిపిల్లల్ని చంకనేసుకుని వచ్చేవాళ్ళు ఆయన కోసం. తర్వాత ఆ వేషాలు అరిగిపోయాయి, సినిమాలు తగ్గాయి. ఆ ఖాళీ రోజుల గురించి ఆయనే దాపరికం లేకుండా చెప్పుకున్నారు. 'లెజెండ్'లో రంగు వెయ్యని జుట్టుతో ఆయన నడిచొచ్చినప్పుడు మా వరుసలో ఒకావిడ "అయ్యో, ఇతనా!" అంది. అంతలోనే "బాగున్నాడే" అని కూడా అంది. 2018 'రంగస్థలం'లో ప్రెసిడెంటుగా ఆయన గొంతు పెంచకుండా, పెద్దగా కదలకుండా కూర్చుని భయపెడతారు. హీరోగా ఉన్నన్నాళ్ళూ అలా ఊరికే కూర్చునే అవకాశం ఆయనకి ఎవరిచ్చారు?

దీనికి పూర్తిగా ఎదురు మనిషి శోభన్‌బాబు. 1996లో 'హలో గురూ' తర్వాత ఆపేశారు. తండ్రిగా, తాతగా కనబడనన్నారు. 'అతడు'లో తాత వేషానికి ఖాళీ చెక్కు పంపినా తిప్పి పంపేశారని సినిమావాళ్ళు చెప్పుకుంటారు. ఆ వేషం నాజర్ వేశారు. 2008లో పోయేవరకూ ఆ మాట మీదే ఉన్నారు. నుదుటి మీది ఆ ఉంగరం జుట్టు మన కళ్ళలో అలాగే ఉండిపోయింది. మా అమ్మకి ఇది గొప్ప నిర్ణయం. నాకు మాత్రం మనకి రావాల్సిందేదో దొంగిలించుకుపోయినట్టు ఉంటుంది. అక్కినేని కూడా అలాగే భీష్మించుకుని ఉంటే 1991లో 'సీతారామయ్యగారి మనవరాలు' ఎక్కడిది? 67 ఏళ్ళ వయసులో, మీనాకి తాతగా, ఆయన మొహంలో కనబడిన ఆ మొండితనమూ దాని కిందున్న దిగులూ 'ప్రేమాభిషేకం' ప్రేమికుడికి చేతకానివి. ఈ విషయంలో మా అమ్మతో నేను నెగ్గలేదు, నెగ్గను కూడా.

ఇక సోమవారం ఎందుకంటే, అది నాకు నేర్పినవాడు మా ఊళ్ళో థియేటర్ దగ్గర బళ్ళ స్టాండు చూసుకునే ఆయన. ఇప్పుడు డెబ్బైకి దగ్గరపడ్డాడు. టోకెన్ల డబ్బా మోకాళ్ళ మీద పెట్టుకుని, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, గేటులోకి వచ్చే ప్రతి బండినీ చూస్తాడు. బయ్యర్లు షేరు లెక్కలు చెబుతారు, నిర్మాతలు పోస్టర్ మీద గ్రాస్ వేస్తారు. ఈయన లెక్క వేరు. "మొదటి రోజొచ్చేవి ఫ్యాన్సు బళ్ళండీ. అవెలాగూ వస్తాయి. సోమవారం మ్యాట్నీకొచ్చేవే హీరో బళ్ళు." అందులోనూ వెనక సీటు మీద ఆడమనిషి దిగిందా, ట్యాంకు మీద పిల్లాడు దిగాడా అన్నది చూస్తాడు. ఆటో వచ్చిందంటే ఇంకా మంచిదట. ఆటో అంటే ఇంటిల్లిపాదీ అని అర్థం.

మొన్న సోమవారం ఆ శుక్రవారం సినిమాకే మ్యాట్నీకి వెళ్ళాను. ఆట మొదలయ్యేసరికి స్టాండులో పద్నాలుగు బళ్ళు. ఆటో ఒక్కటీ లేదు. లోపల హీరో ఇరవై ఆరో నిమిషంలో వచ్చాడు. అప్పటికి ముగ్గురు ముసలాళ్ళు ఆయన చరిత్ర చెప్పేశారు. పాటలో కట్లు లెక్కపెట్టలేక వదిలేశాను. కానీ ఇంటర్వెల్ తర్వాత ఒకచోట ఆయన పనిమనిషి తెచ్చిన కాఫీ తాగబోయి, చక్కెర తక్కువని చెప్పలేక, కప్పు పక్కన పెట్టేస్తాడు. అరనిమిషం ఉండదు. హాల్లో ఉన్న ఆ ఇరవైమందీ నవ్వారు. నేనూ నవ్వాను.

బయటికొస్తే స్టాండాయన టోకెన్లు సర్దుకుంటున్నాడు. "ఎలా ఉందండీ?" అన్నాడు. మీ లెక్క ఏం చెబుతోందని తిరిగి అడిగాను. డబ్బా మూత పెట్టి కాసేపు ఆలోచించాడు.

"ఈ బొమ్మ పోయిందండీ. ఆయన సంగతి అడుగుతున్నారా? ఇంట్లో తిట్లు తినే వేషం ఒకటి ఇప్పించండి, ఆటోలొస్తాయి."

డెస్కు కుర్రాడికి ఇంకా ఫోన్ చెయ్యలేదు.