నాలుగింటి ఆకలి

పోషకాహారం మన బడి పిల్లలకు మొదట జీవశాస్త్రం పాఠంగానే ఎదురవుతుంది. మాంసకృత్తులు, పిండిపదార్థాలు, కొవ్వులు. ఏ విటమిన్ తగ్గితే ఏ జబ్బు. క్వాషియార్కర్‌కూ మెరాస్మస్‌కూ తేడా, రెండు మార్కులు. ఆ తేడా పొల్లుపోకుండా రాసిన పిల్లవాడే గంట కొట్టగానే గేటు బయట ఐదు రూపాయల ప్యాకెట్ కొంటాడు. ఈ కాలమ్ పాఠకులకు ఇది పాత ఫిర్యాదే. ఈ వారం కాస్త ఊరట ఇచ్చింది ఒక బడి వరండాలో కనిపించిన చక్కెర బోర్డు. ఇలాంటివి పెట్టమని 2025లో సీబీఎస్ఈ తన బడులకు చెప్పింది. ఏ కూల్‌డ్రింకులో, ఏ చాక్లెట్‌లో ఎంత చక్కెర ఉందో వాటి మీద రాస్తారు. ఈ బడిలో ఎవరో గ్రాముల పక్కన చెంచాలు కూడా గీశారు.

గ్రాము లెక్క పిల్లల ఊహకు అందదు, చెంచా అందుతుంది. నాలుగైదు గ్రాముల చక్కెర ఒక టీ చెంచా. బిస్కెట్ ప్యాకెట్ వెనుక వంద గ్రాములకు 25 గ్రాముల చక్కెర అని ఉంటే ఐదారు చెంచాలన్నమాట. వాటిని ఓ పళ్లెంలో పోసి చూపిస్తే ఆరో తరగతికి వేరే ఉపన్యాసం అక్కర్లేదు. తర్వాత నేర్పాల్సింది పదార్థాల వరస. నిబంధనల ప్రకారం ఎక్కువ బరువున్నది ముందు రాయాలి. వరస మైదా, చక్కెర, పామాయిల్ అంటూ మొదలైతే అట్ట మీద ఎన్ని బాదంపప్పుల బొమ్మలు వేసినా లోపల ఎక్కువగా ఉన్నవి ఆ మూడే. రాగి బిస్కెట్‌లో రాగులెంత శాతమో కూడా అక్కడే దొరుకుతుంది. వెతికి పట్టుకోవడం పిల్లలకు మహా సరదా.

ప్యాకెట్ వద్దంటే మరేం పెట్టాలి? మన పాత చిరుతిళ్లు అంటారు అందరూ. అందులో నిజం లేకపోలేదు. వంద గ్రాముల వేరుసెనగలో దాదాపు 25 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. బరువుకు బరువు చూస్తే రాగుల్లో పాలకన్నా రెట్టింపు పైగా కాల్షియం ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో 2020 నుంచి మధ్యాహ్న భోజనంతో పల్లీ చిక్కీ, 2023 మార్చి నుంచి వారంలో మూడు రోజులు రాగి జావ చేరింది అందుకే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ బక్కచిక్కిన పిల్లల కోసం రూపొందించిన ‘హైదరాబాద్ మిక్స్’ కూడా గోధుమలు, సెనగపప్పు, వేరుసెనగ వేయించి, పొడికొట్టి, బెల్లం కలిపినదే. మన ఇళ్లలో ఉండలు చుట్టే పద్ధతికి అదేమీ దూరం కాదు. ఇక జామకాయ సంగతి: అందులోని సి విటమిన్ గింజల్లోని ఇనుము ఒంటికి పట్టేలా చేస్తుంది. పల్లీలతో పాటు జామముక్క పెట్టడం మంచి జత.

అయితే ఆ పాత చిరుతిళ్లు దాచే ఇంటి డబ్బాలో ఉన్నవన్నీ పల్లీ ఉండలు కావు. జంతికలంటే బియ్యప్పిండి, ఉప్పు, నూనె. చేగోడీలూ అంతే. అరిసెలో బెల్లం పాకం, ఆపైన నూనె. బెల్లమూ చాలావరకు చక్కెరే, బోర్డు మీద దానికీ చెంచాలు గీయాల్సిందే. వీటి కొలతలు ప్యాకెట్ వెనుక అచ్చువేస్తే మెచ్చుకోదగ్గట్టుగా ఏమీ ఉండవు. మరి డబ్బా ఉన్న ఇళ్లలో పిల్లలకు అవి పెద్దగా చేటు చేయలేదంటే, డబ్బా ఉండే చోటుకూ అందులో కొంత పుణ్యం దక్కాలి. అది అటక మీద ఉండేది. అందేది అమ్మమ్మకే. బడి నుంచి వచ్చి, కాళ్లు కడుక్కున్నాక చేతిలో రెండు జంతికలు పడేవి. మూడోది అడిగితే, “అన్నం వేళకు ఆకలుండొద్దట్రా?” అనేది. మధ్యలో నోరాడించాలంటే రేగుపళ్లో, కాల్చిన తేగో, ఉడికించిన చిలగడదుంపో, కాలాన్ని బట్టి. డబ్బా అడుగంటితే మళ్లీ పండగ దాకా లేదు. ఓ పూటంతా పొయ్యి దగ్గర కూర్చుని వండే పని మరి. ఇప్పుడు పిండివంటల కొట్లు వీధికొకటి. అరిసెలు ఆషాఢంలోనూ కిలోల లెక్కన దొరుకుతాయి. ఇంటివంట కదా అని పిల్లల ముందు గిన్నె నింపి పెడితే, ప్యాకెట్ మానిపించి ఒరిగేది అంతంతమాత్రమే.

కాబట్టి లేబుల్ చదవడంతో పాటు వేళ, కొలత కూడా నేర్పాలి. మధ్యాహ్నం పన్నెండున్నరకు తిన్న బిడ్డకు నాలుగింటికి వేసే ఆకలి నిజమైనదే, దానికి గుప్పెడు ఉడకబెట్టిన పల్లీలు, ఓ పండు సరిపోతాయి. టీవీ ముందు ఏడింటికి పుట్టేది చాలాసార్లు ఆకలి కాదు. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండిని బడి గేటుకు 50 మీటర్ల లోపు అమ్మకూడదని 2020 నాటి కేంద్ర నిబంధనలు చెబుతాయి. ఇంటి అల్మారాకు ఆ నిబంధన పెద్దలే పెట్టుకోవాలి. “ఏం తింటావ్?” అని అడిగితే చిప్సే అంటారు. “జామకాయా, సెనగలా?” అంటే రెండింట్లో ఒకటి ఎంచుకుంటారు. ఎంపిక పిల్లలదే, బుట్టలో ఏముండాలన్నది పెద్దల వంతు.

మరీ చిన్నవాళ్లకు, అంటే నాలుగైదేళ్ల లోపు పిల్లలకు, పల్లీలు, సెనగలు గింజలుగా పెట్టకూడదు, గొంతుకు అడ్డుపడతాయి. మెత్తగా పొడికొట్టి ఉండ చేసో, జావలో కలిపో పెట్టాలి.